తాళం తిప్పనంతవరకు

పళ్లెంలో డీజిల్ పోసి వెలుగుతున్న అగ్గిపుల్ల పడేస్తే పుల్లే ఆరిపోతుంది. పెట్రోలుతో ఆ ప్రయోగం ఊహలోనే చేసుకోవాలి. పుల్ల ద్రవాన్ని తాకకముందే పైనున్న ఆవిరి భగ్గుమంటుంది. మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా పెట్రోలు అంటుకోవడానికి సరిపడా ఆవిరి వదులుతూనే ఉంటుంది. డీజిల్ ఆ స్థితికి రావాలంటే మామూలుగా 50 డిగ్రీలు దాటి వేడెక్కాలి.

ఇంతవరకు అందరూ ఊహించగలిగిందే. నిప్పు చూపించకుండా ఒట్టి వేడితో అంటించాలంటే మాత్రం వరస తిరగబడుతుంది. డీజిల్ సుమారు 210 డిగ్రీల దగ్గర తనంతట తానే అంటుకుంటుంది. పెట్రోలుకు 250 దాటినా చాలకపోవచ్చు. అంటే పెట్రోలు నిప్పురవ్వకు లొంగుతుంది, డీజిల్ వేడికి లొంగుతుంది. ఒకదాని ట్యాంకులో రెండోది పోస్తే బండికి ఏమవుతుందన్న ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది. మిగతా సగం జిడ్డులో ఉంది. దాని దగ్గరికి నెమ్మదిగా వద్దాం.

రెండూ ముడిచమురును మరిగించి విడదీసినవే. పెట్రోలు అణువుల్లో కార్బన్ల సంఖ్య సుమారు 4 నుంచి 12 వరకు ఉంటుంది. డీజిల్‌లో 10 నుంచి 20 దాకా, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువ. చిన్న అణువులు త్వరగా ఆవిరవుతాయి. అందుకే చేతిమీద పడ్డ పెట్రోలు చల్లగా తగిలి మాయమవుతుంది. డీజిల్ సబ్బుతో రుద్దినా ఒక పట్టాన వదలదు. తనంతట తాను అంటుకునే విషయంలో అణువు పొడవుతోపాటు ఆకారమూ ముఖ్యమే. కొమ్మలు లేకుండా పొడవుగా సాగిన గొలుసు వేడికి త్వరగా తెగి ఆక్సిజన్‌తో కలుస్తుంది. కొమ్మలున్న పొట్టి అణువు మొండికేస్తుంది. ఆ మొండితనానికి కొలత ఆక్టేన్ సంఖ్య, ఆ తొందరకు కొలత సీటేన్ సంఖ్య. పెట్రోలు ఆక్టేన్ కనీసం 91, డీజిల్ సీటేన్ కనీసం 51 ఉండాలని 2020లో వచ్చిన మన బీఎస్-6 ప్రమాణాలు చెప్పాయి. మంచి పెట్రోలు అంటేనే చెడ్డ డీజిల్ అన్నమాట.

ఇంజన్లు కూడా ఈ స్వభావాలను బట్టే రెండు దారులు పట్టాయి. 1876లో జర్మనీలో నికొలాస్ ఆటో తయారుచేసిన నాలుగు స్ట్రోకుల ఇంజన్ ఇప్పటి పెట్రోలు బండికి తాత. గాలినీ ఇంధనపు ఆవిరినీ కలిపి సుమారు పది రెట్లు నొక్కి, సరైన క్షణంలో స్పార్క్ ప్లగ్‌తో నిప్పురవ్వ ఇస్తారు. నొక్కుతుండగానే ఆ మిశ్రమం అంటుకోకూడదు కాబట్టి అక్కడ మొండితనం కావాలి. రుడాల్ఫ్ డీజిల్ 1897లో ఆగ్స్‌బర్గ్‌లో నడిపి చూపించిన ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్గే లేదు. ఒట్టి గాలిని నొక్కుతారు. ఇప్పటి డీజిల్ ఇంజన్లలో అయితే 16 నుంచి 20 రెట్ల వరకు నొక్కుతారు. నొక్కుడుకే గాలి 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. అందులోకి ఇంధనాన్ని సన్నని తుంపరగా చిమ్మితే తుంపర పడీపడగానే అంటుకోవాలి. అక్కడ కావలసింది తొందర.

ముందు తేలికైన పొరపాటు చూద్దాం: పెట్రోలు బండిలో డీజిల్. డీజిల్ సరిగా ఆవిరవదు. సిలిండర్‌లో పొగమంచులా కాకుండా చుక్కలుగా పడుతుంది. స్పార్క్ ప్లగ్ మీద నల్లటి మసి పేరుకుంటుంది, సైలెన్సర్ గుప్పుగుప్పున పొగ వదులుతుంది, పికప్ పోతుంది, ఇంజన్ ఠక్కుఠక్కుమని నాకింగ్ మొదలుపెట్టి ఆగిపోతుంది. మొండికేస్తే మళ్లీ మళ్లీ స్టార్ట్ చేసేవాళ్లుంటారు. అప్పుడు కాలని డీజిల్ పొగగొట్టంలోకి చేరి పొగను శుద్ధిచేసే కాటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది, అది ఖరీదైన సామాను. అంతదూరం పోకుండా ఆపేస్తే మాత్రం ట్యాంకు ఖాళీ చేయించి, పైపులు కడిగించి, ఫిల్టరూ ప్లగ్గులూ మార్పిస్తే మామూలుగా బండి బతికి బయటపడుతుంది. దీని గురించి ఇంతకంటే చెప్పుకోవలసింది లేదు.

డీజిల్ బండిలో పెట్రోలు వేరే సంగతి.

పాతకాలం డీజిల్ ఇంజన్‌కి ఓర్పు ఎక్కువ. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజన్‌ను వేరుశనగ నూనెతో నడిపారు. ఆదిలాబాద్ అడవి పల్లెల్లో 2000 ప్రాంతంలో కానుగ నూనెతో జనరేటర్లు తిప్పారు. చలిదేశాల్లో డీజిల్ మైనంలా గడ్డకడుతుంది కాబట్టి అందులో కాస్త కిరసనాయిలో పెట్రోలో కలుపుకోవచ్చని కొన్ని కార్ల కంపెనీలు తమ పుస్తకాల్లోనే రాసేవి. మన దగ్గర లదాఖ్ లారీలు కూడా ఆ కిరసనాయిలు చిట్కాతోనే నెట్టుకొచ్చాయి. 2019లో ఇండియన్ ఆయిల్ అక్కడికి మైనస్ 33 డిగ్రీల దాకా పారే శీతాకాలపు డీజిల్ తెచ్చింది. ‘మా నాన్న బండిలో లీటరు పెట్రోలు పడ్డా ఏం కాలేదు’ అని షెడ్డుల్లో ఇప్పటికీ వినిపించే మాటకు మూలం ఆ పాత ఇంజన్ల ఓర్పే. ఆ మాట అబద్ధం కాదు గానీ, దానికి కాలం చెల్లింది.

ఎందుకు చెల్లిందో తెలియాలంటే బజాజ్ చేతక్ రోజులు గుర్తుచేసుకోవాలి. టూ-స్ట్రోక్ స్కూటర్‌కి బంకులో పెట్రోలుతోపాటు టూ-టీ ఆయిల్ కూడా పోయించేవాళ్లు, లీటరుకు 20 మిల్లీలీటర్ల చొప్పున. ఆ ఇంజన్‌లో పిస్టన్‌కూ బేరింగులకూ వేరే కందెన లేదు. ఇంధనంతో వచ్చే నూనే వాటికి తిండి. ఆయిల్ కలపడం మరిచి ఒట్టి పెట్రోలుతో నడిపితే స్కూటర్ కొంతదూరం బాగానే పోయేది, తర్వాత పిస్టన్ పట్టేసేది. అంటే ఆ బండికి ఒట్టి పెట్రోలే తప్పు ఇంధనం. కాలడం ఒక్కటే ఇంధనం పని అనుకుంటే ఇది అర్థం కాదు.

ఇప్పటి డీజిల్ కారులోనూ అదే ఏర్పాటు ఉంది, కాకపోతే బయటికి కనిపించదు. 1997లో ఆల్ఫా రోమియో 156తో కార్లలోకి వచ్చిన కామన్ రైల్ పద్ధతి ఇప్పుడు అన్నిచోట్లా ఉంది. ఇందులో ఒక హై ప్రెషర్ పంపు డీజిల్‌ను 1600 నుంచి 2000 బార్ల ఒత్తిడికి, కొన్నింటిలో ఇంకా పైకి నొక్కి ‘రైల్’ అనే ఒక లావుపాటి గొట్టంలో నిల్వ ఉంచుతుంది. కారు టైరులో గాలి ఒత్తిడి సుమారు 2 బార్లు. ఆ పంపులో ఉక్కు కడ్డీ ఉక్కు గూడులో ముందుకూ వెనక్కూ దూసుకుపోతుంటుంది. రెంటి మధ్య సందు కొద్ది మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతులు కొన్ని. ఆ సందులో ఇంజన్ ఆయిల్ ఉండదు. ఉండేది డీజిలే. పంపు నొక్కుతున్న ద్రవమే పంపుకు కందెన కూడా.

ఈ జిడ్డు విలువ ఏమిటో 1990ల మొదట్లో స్వీడన్‌లో తెలిసొచ్చింది. కాలుష్యం తగ్గించడానికి అక్కడ గంధకం దాదాపు లేని డీజిల్ తెచ్చారు. పంపులు అరిగిపోవడం మొదలైంది. చాలామంది గంధకమే కందెన అనుకుంటారు, అది పొరపాటు. గంధకాన్ని తీసేసే శుద్ధిలో లోహానికి అతుక్కుని కాపాడే మరికొన్ని అణువులు కూడా పోతాయి. వాటి స్థానంలో ఇప్పుడు రిఫైనరీలు జిడ్డుమందు కలుపుతున్నాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా వచ్చిన బీఎస్-6 డీజిల్‌లో పది లక్షల పాళ్లకు గంధకం 10 పాళ్లకు మించకూడదు కాబట్టి మన డీజిల్‌కీ ఆ మందు తప్పదు. జిడ్డు సరిపోయిందో లేదో తేల్చే పరీక్ష చూడముచ్చటగా ఉంటుంది. 6 మిల్లీమీటర్ల ఉక్కు గుండును 60 డిగ్రీల వేడి డీజిల్‌లో ముంచి, ఒక ఉక్కు బిళ్ల మీద 75 నిమిషాలపాటు చకచకా రుద్దుతారు. తర్వాత గుండు మీద పడ్డ అరుగు మచ్చను సూక్ష్మదర్శినితో కొలుస్తారు. మచ్చ 460 మైక్రాన్లు దాటితే ఆ డీజిల్ పనికిరాదు.

ఇప్పుడు ఆ సందులోకి పెట్రోలు వెళ్లిందనుకోండి. పెట్రోలు పలచన. జిడ్డును కరిగించే గుణం దానిది, అందుకే మెకానిక్‌లు పార్టులు పెట్రోలుతో కడుగుతారు. ఉక్కుకూ ఉక్కుకూ మధ్యనున్న పొర తెగిపోతుంది. వేడెక్కిన పంపులో పెట్రోలు బుడగలు కడుతుంది. ఆ బుడగలు పగిలినప్పుడల్లా లోహం మీద గుంటలు పడతాయి. ఉక్కు ఉక్కును రాసుకుని సన్నని ఇనుప రజను రాలుతుంది. అసలు నష్టం మొదలయ్యేది ఇక్కడే. రజను ఇంధనంతోపాటు ముందుకు సాగి ఇంజెక్టర్ల దాకా పోతుంది. ఇంజెక్టర్ రంధ్రాలు మిల్లీమీటరులో పదో వంతు వెడల్పు ఉంటాయి. కొన్ని మూసుకుపోతాయి, కొన్ని అరిగి తుంపరకు బదులు ధార కొడతాయి. వాడగా మిగిలిన ఇంధనం రిటర్న్ పైపు ద్వారా ట్యాంకుకే తిరిగి వస్తుంది కాబట్టి రజను కూడా ట్యాంకులోకి వచ్చి చేరుతుంది. అందుకే షెడ్డులో అంచనా వేసినప్పుడు పంపు, రైల్, ఇంజెక్టర్లు, పైపులు, ట్యాంకు అంటూ జాబితా పెరిగిపోతుంది. కస్టమర్‌కి అది దోపిడీలా కనిపిస్తుంది. రజను కనిపించిన బండి విషయంలో మాత్రం మెకానిక్ చెప్పేది నిజమే. ఒక్క పంపు మార్చి పంపిస్తే పాత రజను కొత్త పంపునూ తినేస్తుంది.

మంట సంగతి ఇక్కడ రెండో స్థానంలో ఉంటుంది. పెట్రోలు కలిసిన డీజిల్ ఆలస్యంగా అంటుకుంటుంది. అంతలో పోగైన ఇంధనమంతా ఒక్కసారిగా మండి ఇంజన్ సుత్తితో కొట్టినట్టు మోగుతుంది. పెట్రోలు పాలు ఎక్కువైతే అసలు మండదు. ‘పెట్రోలు పోస్తే డీజిల్ ఇంజన్ పేలిపోతుంది’ అనే భయం సినిమా భయం.

ఒక విషయం గమనించండి. పైన చెప్పినదంతా పంపు తిరిగితేనే జరుగుతుంది. ట్యాంకులో ఊరికే నిలిచి ఉన్న పెట్రోలు ఏ ఉక్కునూ అరగదీయదు. బండి నాశనమయ్యేది బంకులో కాదు, బంకు దాటిన రెండు మూడు కిలోమీటర్లలో. ఆ కాస్త దూరం కూడా పైపుల్లో, ఫిల్టర్‌లో మిగిలిన మంచి డీజిలే బండిని లాక్కుపోతుంది, అన్నీ సవ్యంగానే ఉన్నాయన్న భ్రమ కలిగిస్తుంది. పేరుపొందిన అమెరికన్ పైలట్ బాబ్ హూవర్‌కు ఇదే ఆకాశంలో ఎదురైంది. ఆయన ష్రైక్ కమాండర్ విమానం పెట్రోలు జాతి ఇంధనంతో నడిచే పిస్టన్ రకం. అచ్చం అలాగే ఉండే టర్బోప్రాప్ విమానం అనుకుని సిబ్బంది జెట్ ఇంధనం నింపారు. జెట్ ఇంధనమంటే దాదాపు శుద్ధిచేసిన కిరసనాయిలు. గొట్టాల్లో మిగిలిన మంచి ఇంధనం రన్‌వే దాకా, ఆపైన గాల్లోకి లేవడానికి సరిపోయింది. తర్వాత రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. ఆయన బతికి బయటపడి, జెట్ ఇంధనపు పైపు మూతిని చదునుగా వెడల్పుగా చేసి, పిస్టన్ విమానాల ట్యాంకుకు సన్నని రింగు బిగించాలని ప్రచారం చేశారు. ఆ మూతికీ ఆ రింగుకూ ఇప్పుడు హూవర్ పేరే ఉంది.

మూతి వెడల్పుతో తప్పును ఆపే ఈ ఉపాయం రోడ్డు మీద అంతకుముందే ఉంది. కాకపోతే అది వేరే తప్పు కోసం పుట్టింది. పెట్రోలులో నాకింగ్ తగ్గించడానికి 1920ల నుంచి సీసం కలిపేవారు. 1970లలో అమెరికా కార్లకు కాటలిటిక్ కన్వర్టర్లు వచ్చాయి. సీసం పడితే వాటి పని అయిపోతుంది. కాబట్టి సీసం లేని పెట్రోలు నాజిల్ బయటి వెడల్పు 21.3 మిల్లీమీటర్లు మించకూడదనీ, సీసం ఉన్నది 23.6కు తగ్గకూడదనీ అక్కడి ప్రభుత్వం నిబంధన పెట్టింది. కొత్త కార్ల ట్యాంకు మూతి సన్ననిది, లావు నాజిల్ అందులో దూరదు. మన దేశంలో 2000 ఫిబ్రవరి నుంచి సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. 2021లో అల్జీరియా కూడా మానేయడంతో సీసపు పెట్రోలు కార్లకు ప్రపంచంలో ఎక్కడా లేకుండా పోయింది. సన్న నాజిల్ మాత్రం ఉండిపోయింది. దాని ఫలితం విచిత్రం. లావుగా ఉండే డీజిల్ నాజిల్ పెట్రోలు కారులో సరిగా దూరదు. సన్నగా ఉండే పెట్రోలు నాజిల్ డీజిల్ కారులోకి సులువుగా దిగిపోతుంది. తక్కువ నష్టం చేసే తప్పుకు తాళం పడింది, కొంప ముంచే తప్పుకు తలుపు బార్లా తెరిచి ఉంది. ఇప్పుడు కొన్ని కంపెనీలు సన్న నాజిల్‌ను తోసిపుచ్చే మూతులు పెడుతున్నాయి గానీ, అన్ని బండ్లకూ అది లేదు.

రంగును నమ్ముకుంటే ఇంకో చిక్కు. బ్రిటన్‌లో ఆకుపచ్చ నాజిల్ పెట్రోలుది, నలుపు డీజిల్‌ది. అమెరికాలో చాలా బంకుల్లో ఆకుపచ్చ పిడి డీజిల్‌ది. లండన్‌లో కొన్నేళ్లుండి డాలస్‌కి మారిన మనవాళ్లు చేతి అలవాటును నమ్మకుండా పేరు చదువుకోవాలి. అన్నట్టు తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే న్యూజెర్సీలో 1949 నుంచీ సొంతంగా పెట్రోలు కొట్టుకోవడమే నిషిద్ధం. మన బంకుల్లాగే అక్కడా మనిషి వచ్చి పోస్తాడు.

బీఎస్-6 వచ్చాక లారీలకు, కొన్ని డీజిల్ కార్లకు రెండో మూత కూడా వచ్చింది. నీలం మూత కింద పోసేది డెఫ్ అనే ద్రవం, డ్రైవర్ల భాషలో యూరియా. నీళ్లలో 32.5 శాతం యూరియా కలిపి చేస్తారు. పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను విరగ్గొట్టడం దాని పని. దాన్ని డీజిల్ ట్యాంకులో పోస్తే పెట్రోలు కంటే ఘోరం. నీరు తుప్పు పట్టిస్తుంది, యూరియా పలుకులు కట్టి ఫిల్టర్‌నూ పంపునూ బిగించేస్తుంది. ఇటుది అటు పోసినా, డీజిల్ జిడ్డు ఆ శుద్ధి వ్యవస్థను పాడుచేస్తుంది.

నాజిల్ సరైనదే అయినా లోపలున్నది తప్పు కావచ్చు. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2023 నుంచి బంకుల్లోకి వచ్చింది. లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే మూడోవంతు తక్కువ. పాత కార్లకు మైలేజీ 6, 7 శాతం దాకా తగ్గవచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదికే చెప్పింది. ఇథనాల్‌కి నీళ్లంటే ప్రాణం. బంకు భూగర్భ ట్యాంకులోకి వాననీరు దిగితే ఇథనాల్ పెట్రోలును వదిలి నీళ్లతో అడుగుకు చేరుతుంది. ఆ అడుగుపొర మీ ట్యాంకులోకి వచ్చిందంటే బండి కదలదు. కిరసనాయిలు కల్తీ మరో పాపం. 2005 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని లఖీంపూర్ ఖేరీలో కల్తీ బంకుపై చర్య తీసుకున్నందుకు ఇండియన్ ఆయిల్ యువ అధికారి ఎస్. మంజునాథ్‌ను కాల్చి చంపారు. కల్తీని పట్టే తేలిక పరీక్ష బంకులోనే ఉంది. అడిగితే ఫిల్టర్ కాగితం ఇవ్వాలి. నాజిల్ కొన తుడిచి కాగితం మీద ఒక చుక్క పెట్రోలు వేయండి. రెండు నిమిషాల్లో చుక్క ఆవిరై మచ్చ లేకుండా పోవాలి. జిడ్డు మచ్చ మిగిలితే అందులో బరువైనదేదో కలిసింది.

ఇక తప్పు జరిగిపోయాక ఏం చేయాలి? స్టార్ట్ చేయకండి. తాళం ‘ఆన్’ దాకా కూడా తిప్పొద్దు. చాలా కార్లలో స్టార్ట్ కాకముందే ట్యాంకులోని పంపు తిరిగి ఇంధనాన్ని ముందుకు తోస్తుంది. గేరు న్యూట్రల్‌లో పెట్టి పక్కకు నెట్టించి, సర్వీసు సెంటర్‌కు ఫోన్ చేసి టోయింగ్ బండి మీద తీసుకెళ్లండి. దారిలో తెలిస్తే రోడ్డు పక్కన అక్కడికక్కడే ఇంజన్ ఆపేయండి. ‘మిగతాది డీజిల్‌తో నింపేస్తే సరిపోతుంది’ అన్న సలహా కామన్ రైల్ బండి విషయంలో వినొద్దు. పైపు పెట్టి నోటితో పీల్చి తీయడం అసలే వద్దు. ఒక గుటక ఊపిరితిత్తుల్లోకి దిగితే ప్రాణం మీదికొస్తుంది. పైగా నిండు పెట్రోలు ట్యాంకు లోపల ఆవిరి మరీ చిక్కగా ఉండి అంటుకోదు. కొద్దిగా పెట్రోలు కలిసిన డీజిల్ ట్యాంకులోనైతే ఆవిరి సరిగ్గా అంటుకునే పాళ్లలోకి వచ్చే ప్రమాదం ఉంది. కాబట్టి ఖాళీ చేయడం తెలిసినవాళ్ల పని. పంపు తిరగకముందే ఆ పని జరిగితే ఖర్చు కడిగించడంతో, ఫిల్టర్‌తో ముగుస్తుంది. తిరిగాక అయితే లక్షల్లోకి పోవచ్చు.

మన బంకుల్లో కుర్రాడు ముందు అడిగేది ‘ఎంతకు కొట్టమంటారు?’ అని. తర్వాత ‘జీరో చూడండి సార్’ అంటాడు. అందరం బుద్ధిగా జీరో చూస్తాం. అదే మిషన్ మీద పోయబోయే ఇంధనం పేరు కూడా ఉంటుంది. డబ్బు సంగతి చెప్పేముందు ‘డీజిల్’ అనో ‘పెట్రోల్’ అనో గట్టిగా చెప్పండి, జీరోతోపాటు ఆ పేరూ చదవండి, బిల్లు అడిగి తీసుకుని సీట్లో కూర్చున్నాక మరోసారి చూసుకుని అప్పుడే స్టార్ట్ చేయండి.